కంచెకు లోపల, కంచెకు బయట

సంఘాల అధ్యయన పాఠం: బొగాంగ్ ఎత్తు మైదానాలలో నేల, నీరు, పచ్చిక, పశువు

పాల సేకరణ కేంద్రానికి ఇద్దరు సభ్యులు పాలు తెచ్చారనుకుందాం. రెండు క్యాన్లలోని పాలూ తెల్లగానే ఉంటాయి. ఏ పాలలో వెన్న ఎంత ఉన్నదో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే పరీక్ష పెట్టుకున్నాము. పరీక్ష లేని రోజుల్లో ఎన్ని తగవులు వచ్చేవో పాత సభ్యులకు తెలియనిది కాదు.

పశువులు మేసే బయలు కూడా ఇటువంటిదే. వానలు పడగానే పచ్చబడుతుంది. పచ్చగా ఉన్నది కనుక మేత ఉన్నదని మనం అనుకుంటాము. ఆ పచ్చదనంలో పశువు తినేది ఎంత, తినకుండా వదిలేది ఎంత, ఆకుల చాటున వట్టి నేల ఎంత అనేది చూపుకు అందదు. దానికీ ఒక పరీక్ష కావాలి. ఆ పరీక్షను ఆస్ట్రేలియాలో ఒక ఎత్తైన పీఠభూమి మీద 1945లో మొదలుపెట్టి కొన్ని దశాబ్దాలపాటు నడిపారు. దాని ఫలితం వందేళ్ళకు పైగా సాగిన ఒక జీవనాధారం మీదనే తీర్పు చెప్పవలసి వచ్చింది. ఆ కథ పాడి రైతులందరూ తెలుసుకోదగినది.

ఎక్కడ ఉన్నది?

ఆస్ట్రేలియా ఖండంలో ఎక్కువ భాగం ఎండిన మైదానమే. మంచు కురిసే ఎత్తైన నేలలు మొత్తం ఖండంలో ఒక శాతం కూడా లేవు. ఆగ్నేయ మూలన విక్టోరియా రాష్ట్రంలో, మెల్బోర్న్ నగరానికి ఈశాన్యంగా ఉన్న కొండల నడుమ బొగాంగ్ ఎత్తు మైదానాలు ఉన్నాయి. పక్కనే ఆ రాష్ట్రంలోకెల్లా ఎత్తైన బొగాంగ్ శిఖరం 1,986 మీటర్ల ఎత్తున నిలిచి ఉంటుంది.

మైదానం అన్నంత మాత్రాన బల్లపరుపుగా ఉంటుందని అనుకోరాదు. గుండ్రని మిట్టలు, వాటి మధ్య లోతు తక్కువ లోయలు, లోయల అడుగున చిత్తడి నేలలు, సన్నని వాగులు ఉంటాయి. చాలా భాగం 1,600 నుండి 1,800 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు కనుమల ఎత్తైన శిఖరాలు సుమారు 1,700 మీటర్లు. అనగా మన కొండ కొసలు ఎంత ఎత్తున ఉంటాయో అంత ఎత్తున అక్కడ పశువులు మేసే బయలు పరచుకొని ఉన్నది. పైగా ఆ ప్రాంతం భూమధ్యరేఖకు దక్షిణంగా 37 డిగ్రీల దగ్గర ఉండటం వల్ల చలి ఎక్కువ. అక్కడ ఋతువులు మనకు తారుమారు. జూన్ నుండి సెప్టెంబరు వరకు మంచు కప్పి ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలలు వేసవి.

మిట్టల అంచున పెరిగే చెట్టును అక్కడివారు మంచు గమ్ చెట్టు అంటారు. అది మనం జామాయిల్, నీలగిరి అని పిలిచే యూకలిప్టస్ జాతిదే. గాలికి, మంచు బరువుకు వంకరలు తిరిగి పొట్టిగా పెరుగుతుంది. చల్లని గాలి దిగి నిలిచే లోయల అడుగున ఆ చెట్టు కూడా మొలవదు. అక్కడ మంచు గడ్డి అనే కుదురు గడ్డి, చామంతి కుటుంబానికి చెందిన వెడల్పాటి ఆకుల మొక్కలు, మోకాలెత్తు పొదలు మాత్రమే ఉంటాయి.

నేల ఎట్లా నిలుస్తుంది? నీరు ఎట్లా నిలుస్తుంది?

ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదవవలసిందిగా కోరుతున్నాము. తరువాతి కథ అంతా దీని మీదనే ఆధారపడి ఉన్నది.

చలి వల్ల రాలిన ఆకు, చచ్చిన వేరు త్వరగా కుళ్ళవు. వేల ఏళ్ళుగా అవి పేరుకొని నల్లని, తేలికైన, మెత్తని మట్టి ఏర్పడింది. ఆ మట్టి నీటిని బాగా పీల్చుకుంటుంది. కాని పైన గడ్డి దుప్పటి ఉన్నంతవరకే అది కదలకుండా ఉంటుంది. దుప్పటి చిరిగితే మట్టికి రక్షణ లేదు.

దుప్పటి చిరిగినచోట జరిగేది ఇది. చలి రాత్రి తడి మట్టిలోని నీరు సన్నని మంచు సూదులుగా గడ్డకట్టి పైకి లేస్తుంది. లేచేటప్పుడు పై మట్టిని, అందులో అప్పుడే వేరు పట్టిన లేత మొలకను కూడా ఎత్తివేస్తుంది. పొద్దున ఎండకు సూదులు కరిగిపోతాయి. మట్టి గుల్లబారుతుంది, మొలక వేరు తెగి ఎండిపోతుంది. మర్నాటి రాత్రి మళ్ళీ అదే తంతు. గుల్లబారిన మట్టిని గాలి ఎగరగొడుతుంది, వాన కడుగుతుంది. అందుచేత మన పొలం గట్టు మీద ఒక వానతో మానిపోయే చిన్న గాయం అక్కడ ఏళ్ళ తరబడి మానదు. అరచేయి వెడల్పు వట్టి నేల మెల్లగా చాప వెడల్పు అవుతుంది.

ఇక నీటి సంగతి. లోయల అడుగున స్ఫాగ్నమ్ అనే నాచు మెత్తని పరుపువలె పెరుగుతుంది. అది తన ఎండు బరువుకు పది రెట్లకు పైగా నీటిని పట్టి ఉంచగలదు. కరిగిన మంచును, పడిన వానను ఇది పీల్చుకొని కొంచెం కొంచెంగా వాగుకు వదులుతుంది. ఈ పీఠభూమి నీరు ఒకవైపు కీవా నదిలోకి, మరొకవైపు మిటా మిటా నదిలోకి పోతుంది. ఆ రెండు నదులూ మర్రే అనే పెద్దనదిలో కలుస్తాయి. మర్రే నది కింద మూడు రాష్ట్రాల సేద్యం, పట్టణాల మంచినీరు ఆధారపడి ఉన్నాయి. మర్రే మీద 1936లో పూర్తయిన హ్యూమ్ ఆనకట్ట జలాశయంలోకి మిటా మిటా నీరు నేరుగా చేరుతుంది. కొండ మీద గిట్ట పడినచోట కదలిన మట్టి చివరకు ఆ జలాశయంలో పూడికగా తేలుతుంది.

ముందుగా వచ్చిన మనుషులు

ఈ ఎత్తు నేలలను మొదట వాడుకున్నవారు పశువులు లేని మనుషులు. ఆ కొండలలోని ఆదిమ జాతుల ప్రజలు వేసవిలో పైకి ఎక్కేవారు. వారిని పిలిచినది ఒక చిన్న గోధుమరంగు రెక్కల పురుగు. దాని పేరే బొగాంగ్ చిమ్మట. దక్షిణ క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ మైదానాలలో పుట్టి, వేసవి తాపం తప్పించుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు ఎగిరి వచ్చి, ఈ శిఖరాల రాతి పగుళ్ళలో లక్షలుగా అతుక్కొని నిద్రపోతుంది. దాని ఒంటినిండా కొవ్వే. పొరుగు తెగలవారందరూ కూడి, వేడి బూడిదలో ఆ పురుగులను కాల్చి తినేవారు. పెళ్ళి మాటలు, తగవుల పరిష్కారాలు, పండుగలు ఆ కూటములలోనే జరిగేవి. ఆ కొండల దిగువన క్లాగ్స్ గుహలో దొరికిన ఒక నూరుడు రాతి మీద ఈ చిమ్మట అవశేషాలు ఉన్నట్లు 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అది సుమారు 2,000 ఏళ్ళ నాటిది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆస్ట్రేలియాలో పుట్టిన మృగాలలో గిట్టలు గలది ఒక్కటీ లేదు. కంగారూకు, వాంబాట్‌కు మెత్తని పాదాలు. అందుచేత ఆ మట్టికి, ఆ నాచుకు గిట్ట బరువు అలవాటు లేదు. మన దేశపు బయళ్ళు జింకలు, దుప్పులు, పశువులు వేల ఏళ్ళుగా నడిచినవి. యూరపు ఆల్ప్స్ కొండల పచ్చిక కూడా ఎన్నో వందల ఏళ్ళుగా ఆవుల మేతతోనూ, కొడవలి కోతతోనూ పెరిగినది. కనుక ఒకచోట సరిపడినది మరొకచోట సరిపడుతుందని చెప్పడానికి లేదు.

మందలు ఎక్కిన వందేళ్ళు

1850ల ప్రారంభంలో దిగువ లోయల తెల్ల రైతులు తమ పశువులను వేసవిలో ఈ పీఠభూమి మీదికి తోలడం మొదలుపెట్టారు. వేసవిలో దిగువ లోయలు ఎండిపోయేవి, పైన మాత్రం పచ్చిక ఉండేది. డిసెంబరులో మందలను ఎక్కించి, మంచు పడకముందే ఏప్రిల్‌లో దించేవారు. ఈ నాలుగు నెలల్లో దిగువ పొలాలకు విశ్రాంతి దొరికేది, చలికాలానికి గడ్డి మిగిలేది. ఇవి పాడి మందలు కావు, మాంసానికి పెంచే పశువులు. అయినా మేతకు వలసపోయే పద్ధతి పాడికైనా మాంసానికైనా ఒకటే.

నేల ప్రభుత్వానిది. రైతులు లైసెన్సు రుసుము కట్టి మేపుకునేవారు. తాతల నుండి మనవలకు ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క వాటం స్థిరపడింది. ఏ వాగు ఎక్కడ దాటాలో, పొగమంచు దిగితే మంద ఏ మిట్ట చాటుకు చేరుతుందో, మంచు వాసన ఎన్ని రోజుల ముందు తెలుస్తుందో వారికి కరతలామలకం. రాత్రి తలదాచుకోవడానికి గుడిసెలు కట్టుకున్నారు. 1889లో వాలెస్ సోదరులు కట్టిన గుడిసె ఈనాటికీ నిలిచి ఉన్నది. కష్టపడి పనిచేసే మనుషులు, గుర్రపు స్వారీలో ఆరితేరినవారు. వారి బ్రతుకు ఆ దేశపు కథలలో, పాటలలో గొప్పగా నిలిచిపోయింది.

అయితే భారం పెరిగింది. దిగువన కరువు వచ్చిన ప్రతిసారీ, ముఖ్యంగా 1902 ప్రాంతపు పెద్ద కరువులో, దూరప్రాంతాల నుండి కూడా గొర్రెలను, పశువులను పైకి తోలారు. లేత చిగురు కోసం గడ్డికి, పొదలకు నిప్పుపెట్టడం ఆచారమైంది. 1939 జనవరి 13న విక్టోరియా రాష్ట్రమంతటా ఘోరమైన కార్చిచ్చు రేగింది. ఆ తరువాత కొండల మీద కాలిన నేల, కోతపడిన వాలులు అధికారుల కళ్ళకు కట్టినట్లు కనిపించాయి. హ్యూమ్ జలాశయం పూడిపోతుందేమోనన్న భయం పట్టుకున్నది.

కంచె కట్టి చూసిన శాస్త్రజ్ఞురాలు

1941లో విక్టోరియా నేల సంరక్షణ మండలి ఒక యువతిని ఆ కొండల పరిశీలనకు పంపింది. ఆమె మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చదివిన కుమారి మైసీ ఫాసెట్. వయస్సు ముప్పైకి లోపు. ఒమియో అనే చిన్న ఊరిలో మకాం పెట్టి, గుర్రమెక్కి ఒంటరిగా కొండలన్నీ తిరిగింది. పశువుల కాపరుల మధ్య ఒక ఆడపిల్ల నేల కోతను గురించి మాట్లాడటం ఆ రోజులలో వింతే. మొదట నవ్వినవారు కూడా ఆమె ఓపికను, న్యాయమైన మాటను చూసి గౌరవించారు.

కాపరులు చెప్పేది ఒకటి, అధికారులు చెప్పేది ఒకటి. పచ్చిక బాగానే ఉన్నదని వారు, పాడైపోయిందని వీరు. ఇద్దరూ చూసింది ఒకే కొండ. ఈ తగవు మాటలతో తేలదని ఆమె గ్రహించింది. 1945లో రాకీ వ్యాలీ అనేచోట పొదల నేలలో కొంత భాగానికి కంచె కట్టించింది. మరుసటి ఏడు ప్రెట్టీ వ్యాలీలో గడ్డి నేలకు కూడా కట్టించింది. కంచె లోపలికి పశువు పోదు. కంచె బయట అటువంటి నేలనే గుర్తుపెట్టి, అక్కడ ఎప్పటివలెనే మేయనిచ్చారు. ఎండ, వాన, మంచు రెండింటికీ సమానం. తేడా ఒక్కటే, పశువు.

లెక్కపెట్టే పద్ధతి కూడా తేలికైనదే. సన్నని ఇనుప కడ్డీని ఒక వరుసలో నిర్ణయించిన చోట్ల నిలువుగా దించుతారు. కడ్డీ మొన దేనికి తగిలిందో రాస్తారు. ఈ గడ్డి, ఆ పొద, ఆ ఆకు, వట్టి నేల అని. ఇట్లా వేల చోట్ల దించితే నూటికి ఎంత గడ్డి, ఎంత వట్టి నేల అన్నది అంకెలలో తేలుతుంది. ఇందులో ఒకరి ఇష్టాయిష్టాలకు చోటు లేదు. మన టెస్టరు పాల నమూనా తీసినట్లే.

ఆమె తరువాత విశ్వవిద్యాలయంలో బోధనకు వెళ్ళినా కంచెలను వదలలేదు. వేసవులలో విద్యార్థులను వెంటబెట్టుకొని వచ్చి లెక్కపెట్టేది. పెళ్ళి తరువాత మైసీ కార్ పేరుతో, ఆచార్య జాన్ టర్నర్‌తో కలిసి 1959లో ఫలితాలను ప్రచురించింది. 1988లో ఆమె మరణించింది. తరువాతి తరం శాస్త్రజ్ఞులు అవే చోట్ల లెక్క కొనసాగించి 1945 నుండి 1994 వరకు ఉన్న అంకెలను ఒకచోట చేర్చారు.

కంచె చెప్పిన సంగతులు

మొదటిది. గడ్డి నేలలో కంచె లోపల పొడుగు మొక్కలు, వెడల్పాటి ఆకుల పూల మొక్కలు ఏటేటా పెరిగాయి. బయట అవి పొట్టిగా, పలుచగానే ఉండిపోయాయి. పశువు ముందుగా ఏరుకొని తినేది వాటినే. రుచిగల మొక్కకు పూత పూయడానికి, గింజ రాల్చడానికి అవకాశం లేకపోతే, దాని చోటు రుచిలేని మొక్కదవుతుంది. దూరం నుండి చూస్తే బయలు పచ్చగానే ఉంటుంది.

రెండవది. బయట వట్టి నేల తగ్గలేదు. మంచు సూదులు, గిట్టలు కలిసి గాయాన్ని మాననీయలేదు. ఆ వట్టి నేలలోనే పశువు ముట్టని కొన్ని పొట్టి పొదలు పాతుకున్నాయి.

మూడవది అందరూ అనుకున్న దానికి విరుద్ధమైనది. పశువులు మేస్తే పొదలు అణగి ఉంటాయని, మేత ఆపితే పొదలు కమ్ముకుంటాయని నమ్మకం ఉండేది. పొదల నేలలో కంచె లోపల మొదట పొదలు పెరిగిన మాట నిజమే. కాని కొన్ని దశాబ్దాలకు అవి ముసలివై చచ్చిపోగా ఆ ఖాళీలలో మంచు గడ్డి అల్లుకున్నది. మేత వల్ల పొదలు తగ్గాయనడానికి లెక్కలలో ఆధారం దొరకలేదు. పదేళ్ళకే లెక్క ఆపివేసి ఉంటే తప్పు పాఠం నేర్చుకునేవారు. ఓపిక పట్టి నిలిచినందువల్లనే సరైన పాఠం దొరికింది.

నాలుగవది చిత్తడి నేలల సంగతి. వేసవిలో నీటి కోసం పశువులు నాచు పరుపు మీదికే దిగుతాయి. గిట్టల కింద పరుపు నలిగి, బాటలు పడి, ఆ బాటలే కాలువలు అవుతాయి. కాలువ పడితే నీరు నిలవకుండా జారిపోతుంది, పక్కనున్న నాచు ఎండుతుంది. ఈ నాచు బురదలను 2009లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం అపాయంలో ఉన్న ప్రకృతి సముదాయంగా ప్రకటించింది.

ఈ అంకెల బలంతోనే మార్పులు ఒక్కొక్కటిగా వచ్చాయి. 1940లలోనే గొర్రెలను, గుర్రాలను పైకి తోలడం, నిప్పుపెట్టడం మాన్పించారు. పశువుల సంఖ్యకు పరిమితి పెట్టారు. 1950ల నడుమ కొన్ని ఎత్తైన శిఖరాలను మేత నుండి తప్పించారు.

మిగిలిన వాడుకలు

పశువు ఒక్కటే ఆ పీఠభూమిని వాడుకోలేదని కూడా చెప్పాలి. 1930ల చివర కీవా జలవిద్యుత్ పథకం మొదలైంది. 1959లో రాకీ వ్యాలీ ఆనకట్ట పూర్తయి, ఒక లోయ జలాశయమైంది. ఆ పనికి వచ్చిన ఉద్యోగులు మంచు మీద జారే ఆట కోసం వేసుకున్న బసల నుండి ఫాల్స్ క్రీక్ అనే విహార గ్రామం పెరిగింది. 1966లో సమీపంలోని హోతామ్ శిఖరం మీద ఒక విడిది గుడిసెలో ఎలుకంత ప్రాణి దొరికింది. అంతకుముందు దాని ఎముకలు తప్ప ప్రాణంతో ఎవరూ చూడని కొండ పిగ్మీ పోసమ్ అది. బొగాంగ్ చిమ్మటలు దాని ముఖ్యాహారాలలో ఒకటి. రోడ్డు, ఆనకట్ట, విహార గ్రామం కూడా నేలను తవ్వినవే. మా మందలను మాత్రమే తప్పుపడతారేమని కాపరులు అడిగినదానిలో కొంత న్యాయం లేకపోలేదు.

తీర్పు వచ్చిన రోజు

1989లో ఈ కొండలన్నీ కలిపి ఆల్పైన్ జాతీయ పార్కు ఏర్పడింది. అప్పటికీ మేత లైసెన్సులు కొనసాగాయి. 1969 నుండే కొండ పశుపాలకులు తమ సంఘం పెట్టుకొని వాదిస్తూ వచ్చారు. వారి వాదనలో ముఖ్యమైనది నిప్పు సంగతి. మంద మేస్తే మంట తగ్గుతుందనే అర్థం వచ్చే నినాదం వారిది.

2003 వేసవిలో పెద్ద కార్చిచ్చు ఈ పీఠభూమి మీదుగా పోయింది. శాస్త్రజ్ఞులు వెంటనే మేసిన చోట్లను, మేయని చోట్లను వందల స్థానాలలో పోల్చి చూసి 2006లో ఫలితం ప్రకటించారు. పొదల నేల ఎక్కువగా కాలింది, గడ్డి నేల చాలావరకు మిగిలింది. మేసిందా లేదా అన్నదానితో తేడా కనిపించలేదు. కారణం పశుపాలకులకు తెలిసినదే. పశువు గడ్డి ఉన్నచోట తిరుగుతుంది, దట్టమైన పొదలోకి పోదు. మంట రేగేది పొదలో, మేసేది గడ్డిలో.

ఆ ఫలితం అచ్చుకాకముందే, 2005లో, విక్టోరియా ప్రభుత్వం జాతీయ పార్కులో మేత లైసెన్సులను తిరిగి ఇవ్వరాదని నిర్ణయించింది. ఆ జూన్‌లో పశుపాలకులు గుర్రాలెక్కి మెల్బోర్న్ వీధులలో శాసనసభ వరకు ఊరేగింపు తీశారు. అయిదు తరాలుగా ఎక్కిన కొండను ఎక్కవద్దంటే కలిగే బాధ పశువు ఉన్న ఇంటివారికి విడమరచి చెప్పనక్కరలేదు. పరివర్తనకు కొంత ఆర్థిక సహాయం ఇచ్చారు. డబ్బుతో తీరేవి కొన్ని, తీరనివి కొన్ని. 2011లో వేరొక ప్రభుత్వం పరిశోధన పేరుతో పార్కులో కొన్నిచోట్లకు సుమారు 400 పశువులను మళ్ళీ పంపింది. కేంద్ర ప్రభుత్వం అడ్డుపడగా కొద్ది నెలలకే దించారు. 2015లో మేతను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

మేత ఆగినంత మాత్రాన పని ముగియలేదు. అడవి గుర్రాలు, జింకలు నాచు బురదలను తొక్కుతూ వచ్చాయి. 1990ల చివర ఆరెంజ్ హాక్‌వీడ్ అనే కలుపు అక్కడ కనబడింది. మన ఊళ్ళలో వయ్యారిభామ ఎట్లా పరచుకున్నదో తెలిసినవారికి ఆ భయం అర్థమవుతుంది. స్వచ్ఛంద సేవకులు వేసవిలో వరుసగా నిలబడి, గడ్డిలో వెదకి దానిని పీకుతున్నారు. మైదానాలలో 2017 తరువాత వచ్చిన కరువు వల్ల బొగాంగ్ చిమ్మటల సంఖ్య బాగా పడిపోయింది. వేల ఏళ్ళుగా ఆ కొండకు పేరు తెచ్చిన పురుగు 2021లో అపాయంలో ఉన్న జాతుల అంతర్జాతీయ జాబితాకెక్కింది.

మన సంఘాలకు ఇందులో ఏమున్నది?

ఈ పాఠం చదివి బయలు నుండి పశువును తోలివేయాలని అర్థం చేసుకోరాదు. మన నేల వేరు, మన వాన వేరు, గిట్టలకు అలవాటుపడిన బయళ్ళు మనవి. తీసుకోవలసినది తీర్పును కాదు, పరీక్షను.

బొగాంగ్ కాపరులు అబద్ధం చెప్పలేదు. పచ్చిక బాగున్నదని వారు నిజంగానే నమ్మారు. ఏటా చూసే కంటికి మెల్లగా జరిగే మార్పు తెలియదు. పక్కన పోల్చి చూడటానికి మేయని నేల ఒక చెక్క అయినా లేనప్పుడు పోయినది ఏమిటో ఎవరికీ గుర్తుండదు. లెక్క మొదలయ్యేసరికి మందలు ఎక్కి తొంభై ఏళ్ళు దాటాయి. ఆ లెక్క ముందే, ఆ పశుపాలకుల సంఘం చేతిలోనే ఉండి ఉంటే, పశువులను తగ్గించడం, చిత్తడికి దడి కట్టడం, వాటాలు మార్చి మేపడం వంటివి వారే చేసుకునేవారేమో. లెక్క మన చేతిలో లేకపోతే నిర్ణయం కూడా మన చేతిలో ఉండదు.

మీ ఊరిలో పచ్చిక బయలు ఉంటే సంఘం చేయదగిన చిన్న ప్రయత్నం ఇది:

1. పంచాయతీ అనుమతితో బయలులో 20 అడుగుల చదరపు చోటును ఎంచుకొని ముళ్ళకంపతో దడి కట్టండి. పక్కనే అటువంటి నేలలో అంతే చోటుకు నాలుగు మూలల రాళ్ళు పాతండి. అక్కడ ఎప్పటివలె మేయనివ్వండి.

2. ఒక తాడుకు జానెడుకొక ముడి వేయండి. 25 ముళ్ళు చాలు. తాడును నేల మీద చాచి, ప్రతి ముడి దగ్గర పాత సైకిల్ చువ్వను నిలువుగా దించండి. మొన దేనికి తగిలిందో రాయండి. తాడును నాలుగు వరుసలలో వేస్తే 100 చోట్లు అవుతాయి. లెక్క నేరుగా శాతంలోనే వస్తుంది.

3. నాలుగు గడులు చాలు: పశువు తినే గడ్డి, తినే ఇతర మొక్క, తినని మొక్క, వట్టి నేల. వయ్యారిభామ కనబడితే వేరుగా రాయండి. దానిని తిన్న పశువు పాలకు చేదు వస్తుందని సభ్యులకు తెలుసు.

4. ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి లెక్కించండి. ఒకే మనిషి కాక ఇద్దరు సభ్యులు కలిసి లెక్కిస్తే తగవు ఉండదు. అంకెలను పాల ధరల పట్టిక పక్కనే బోర్డు మీద రాయండి.

5. కనీసం మూడేళ్ళు మానకండి. ఒక మంచి వాన ఏడు, ఒక చెడ్డ ఏడు చూడకుండా తీర్పు చెప్పకండి.

దడి లోపల తినే గడ్డి పెరిగి, బయట తగ్గుతూ ఉంటే బయలును భాగాలు చేసి వంతులవారీగా మేపడం గురించి, కొంతకాలం కోసుకొని వేయడం గురించి సంఘంలో మాట్లాడుకోవచ్చు. రెండుచోట్లా తేడా లేకపోతే అదీ మంచి వార్తే. బయలు మందను మోయగలుగుతున్నదని చేతిలో రుజువు ఉంటుంది. రేపు ఎవరైనా ఆ బయలును మరొక పనికి అడిగినప్పుడు ఆ రుజువే మీ తరఫున మాట్లాడుతుంది.

సభ్యుల సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. మన బయలులో ముప్పై ఏళ్ళ కిందట ఉండి ఇప్పుడు కనబడని మేత మొక్కలు ఏవి? పెద్దవారిని అడిగి జాబితా రాయండి.

2. బయలు నుండి వాన నీరు ఏ చెరువుకు పోతుంది? ఆ నీరు తేటగా వస్తున్నదా, ఎర్రగా వస్తున్నదా?

3. పదేళ్ళకే లెక్క ఆపి ఉంటే రాకీ వ్యాలీలో ఏ తప్పు నిర్ణయానికి వచ్చేవారు?

4. కాపరుల అనుభవం, శాస్త్రజ్ఞురాలి లెక్క రెండూ మొదటి నుండి ఒకచోట కూర్చొని ఉంటే 2005 నాటి బాధ కొంతయినా తప్పేదా?